గట్టుకీ ఓడకీ మధ్య: కేంద్ర ఓడరేవుల మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర ఓడరేవులు, నౌకాయానం, జలమార్గాల శాఖ మంత్రి శ్రీ సర్బానంద సోనోవాల్ గారికి,



2024 సెప్టెంబరు 30న ముంబైలో మీరు క్రూయిజ్ భారత్ మిషన్‌ను ప్రారంభించారు. 2029 మార్చి ముగిసేలోగా 10 సముద్ర క్రూయిజ్ టెర్మినళ్ళు, 100 నదీ టెర్మినళ్ళు, 5 మరీనాలు రావాలన్నారు. సముద్ర విహారానికి వెళ్ళేవాళ్ళ సంఖ్య 10 లక్షలకు చేరాలన్నారు. అంతకు ఏడాది ముందే, 2023 సెప్టెంబరులో, సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన విశాఖపట్నం అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ మీ చేతుల మీదుగా మొదలైంది. సంతోషమే. అయితే ఈ పది లక్షల మందిలో చక్రాల కుర్చీ మీద వచ్చేవాళ్ళను ఎవరైనా లెక్కలో వేసుకున్నారా అన్నది నా ప్రశ్న. కారు దిగిన చోటు నుంచి క్యాబిన్‌లోని స్నానాల గది దాకా, మళ్ళీ అక్కడి నుంచి ఓడ ఆగిన ప్రతి ఊరి గట్టు దాకా, ఆ మనిషి ఎవరి చేతా ఎత్తించుకోకుండా వెళ్ళిరాగలడా? దీనికి అవుననో కాదనో, కొలతలతో సహా, డబ్బు కట్టకముందే జవాబు చెప్పే బాధ్యత ఓడ కంపెనీ మీదా రేవు మీదా చట్టప్రకారం ఉండాలి. ఇక మీదట కట్టే ప్రతిదానిలో ఆ జవాబు అవును అనే ఉండాలి. నేను అడిగేది ఇంతే. ఇది ఇప్పుడే ఎందుకు చెయ్యాలో చెప్పడానికి మాత్రం కాస్త చోటు కావాలి.

నడవలేనివాళ్ళకూ, నడక తగ్గినవాళ్ళకూ ఓడ విహారమంత అనువైన విహారం మరొకటి లేదు. బస్సు యాత్రలో రోజుకో హోటలు, హోటలుకో రకం మెట్లు, ఊరికో రకం మరుగుదొడ్డి. పొద్దున్నే పెట్టె సర్దుకోవాలి, రాత్రికి మళ్ళీ విప్పుకోవాలి. ఓడలో పెట్టె ఒకసారి విప్పితే చాలు. ఒకే గదిలో ఉండి నాలుగూళ్ళు చూసి రావచ్చు. భోజనశాలకూ, ఆటపాటల హాలుకూ, పై డెక్కుకూ లిఫ్టు ఉంటుంది, డాక్టరు ఓడలోనే ఉంటాడు. సౌతాంప్టన్, మయామి లాంటి రేవుల్లో బ్యాటరీ స్కూటరును అద్దెకిచ్చి నేరుగా క్యాబిన్‌కే చేర్చే వ్యాపారం ఒకటి నడుస్తోందంటే గిరాకీ ఎంతుందో ఊహించుకోవచ్చు. 2024లో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 3 కోట్ల 46 లక్షల మంది క్రూయిజ్ ఎక్కారని ఆ పరిశ్రమ సంఘం చెబుతోంది. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా ప్రయాణికుల కోసం వరసగా నిలబెట్టిన వీల్‌చైర్లు చూడండి. వాటిలో కూర్చునే తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గర వికలాంగుల సర్టిఫికెట్ ఉండదు. మోకాళ్ళు అరిగినవాళ్ళు, గుండె ఆపరేషన్ అయినవాళ్ళు, పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్ళు. అక్కడ పిల్లలు సరదాగా బహామాస్ ఓడ ఎక్కిస్తే ఎక్కి వచ్చే ఈ పెద్దవాళ్ళు, విశాఖలో ఎక్కాలంటే ఏం చూసుకుని ఎక్కాలి?

ప్రయాణం మొదట ఆగిపోయేది గట్టుకీ ఓడకీ మధ్య. గట్టు కదలదు, ఓడ కదులుతుంది. పోటుకు లేస్తుంది, ఆటుకు దిగుతుంది. రెంటినీ కలిపే గ్యాంగ్‌వే వాలు అందుకే గంటగంటకూ మారుతూ ఉంటుంది. మన దేశపు ప్రమాణాల్లో ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు. అంటే రెండు మీటర్ల ఎత్తు ఎక్కడానికి 24 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చదును అదనం. పొద్దున సులువుగా దిగిన వాలు సాయంత్రానికి నిటారుగా మారితే, ఊరు చూసి తిరిగొచ్చిన మనిషి గట్టు మీదే ఉండిపోతాడు. గ్యాంగ్‌వే పలక మీద కాలు జారకుండా అడ్డంగా బిగించే పట్టీలు నడిచేవాళ్ళకు ఆసరా. కుర్చీ ముందుండే చిన్న చక్రాలకు మాత్రం ఒక్కో పట్టీ ఒక్కో గడప. ముంబైలో అమావాస్యకూ పున్నమికీ ఆటుపోట్ల తేడా నాలుగు మీటర్లు దాటుతుంది. విశాఖలో అది మీటరున్నరకు అటూ ఇటూ. అంటే విశాఖలో ఈ కష్టాన్ని సముద్రమే సగం తీర్చిపెట్టింది, మిగతా సగం ఇంజనీర్ల పని. నదుల దగ్గర లెక్క వేరు. వానాకాలంలో బ్రహ్మపుత్ర ఎన్ని మీటర్లు లేస్తుందో అస్సాంవారైన మీకు ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ నీటితోపాటు లేచి దిగే తేలే జెట్టీ తప్ప దారిలేదు. గోదావరి మీద పాపికొండల బోటుకు అడ్డంగా వేసే చెక్క బల్ల మీద కుర్చీ పోదు.

ఓడ లోపలికి వెళ్ళాక మొదలయ్యేది వెడల్పు సమస్య. చాలా ఓడల్లో మామూలు క్యాబిన్ తలుపు 22, 23 అంగుళాలకు మించదు. పెద్దవాళ్ళ వీల్‌చైర్ వెడల్పు 24 నుంచి 26 అంగుళాలు. ఆ కొద్ది అంగుళాల తేడా తెలియక టికెట్ కొన్న మనిషి, తన మంచాన్ని గుమ్మం బయట నుంచి చూడాల్సి వస్తుంది. వీల్‌చైర్ కోసమే కట్టిన క్యాబిన్లకు తలుపు 32 అంగుళాలుంటుంది, కాకపోతే అలాంటివి ఓడకు కొన్నే. గుమ్మం దాటాక స్నానాల గది. ఫ్యాక్టరీలో మొత్తంగా తయారుచేసి తెచ్చి ఓడలో బిగించే గది అది. షవరు నీళ్ళు బయటికి రాకుండా దానికో బెత్తెడు గడప. డెక్కు మీదకు తెరుచుకునే తలుపులకు, కెరటాల నీళ్ళు లోపలికి రాకుండా, ఇంకా ఎత్తు గడపలుంటాయి. వాటిని తీసెయ్యమని బుద్ధున్నవాడెవడూ అడగడు, రెండు వైపులా వాలు పలక బిగిస్తే సరిపోతుంది. స్కూటరుది మరో తంటా. దాన్ని నడవాలో నిలిపి ఉంచకూడదు, ఎందుకంటే నిప్పంటుకుంటే అందరూ పరిగెత్తే దారి అది. నియమం న్యాయమైనదే. కానీ లోపల పెట్టాలంటే తలుపులో పట్టాలి, లోపల తిప్పుకునే చోటుండాలి, ఛార్జింగుకు ప్లగ్గుండాలి, ఆ ప్లగ్గులో వచ్చేది 110 వోల్టులో 220 వోల్టులో తెలియాలి. బ్యాటరీ యాసిడ్ ఒలికే రకమా కాదా అన్నది కూడా ఓడవాళ్ళు చూస్తారు. ఇవన్నీ రేవు దాకా వచ్చాక తేల్చుకునే సంగతులు కావు.

ప్రయాణం ఆగే మూడో చోటు నడిసముద్రం. రేవులో లోతు చాలనప్పుడు ఓడ దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది. లక్షద్వీప్‌లో చాలా దీవుల దగ్గర ఇదే పద్ధతి, గ్రీసులోని సాంతోరిని దగ్గరా ఇదే. ఓడ పక్కన ఆ పడవ అలకొకసారి లేస్తుంది, దిగుతుంది. నావికులిద్దరు చెరోపక్కా నిలబడి, పడవ పైకి లేచిన క్షణం కనిపెట్టి, మనిషిని రెక్క పట్టుకుని ఇటు దాటిస్తారు. నడిచేవాళ్ళకే గుండె ఝల్లుమనే అడుగు. మడతపడే తేలిక కుర్చీ అయితే మనిషిని దాటించాక దాన్ని వెనకే అందించవచ్చు. యాభై కిలోలో వంద కిలోలో తూగే బ్యాటరీ కుర్చీని అలా అందించలేరు. అందుకే చాలా కంపెనీలు ఇలాంటి చోట్ల స్కూటర్లను పడవలోకి రానివ్వవు, సముద్రం బాగాలేకపోతే వీల్‌చైర్లను అసలే రానివ్వవు. దీన్ని నేను తప్పుపట్టను. నాలుగు రేవులు చూపిస్తామని అందరి దగ్గరా తీసుకున్నంత డబ్బే తీసుకుని, అందులో రెండు ఓడ మీద నుంచే చూడాలన్న సంగతి దాచిపెట్టడాన్ని తప్పుపడతాను. చెయ్యలేనిది చెయ్యలేమని ముందే చెబితే ఆ మనిషి వేరే ఓడను చూసుకుంటాడు. చెప్పకపోతే అది అమ్మకంలో మోసం, దానికి సముద్రాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదు.

ఇక్కడే మన దేశపు మర్యాద ఒకటి అడ్డొస్తుంది. ర్యాంపు ఏదని అడిగితే, “పర్లేదు సార్, మావాళ్ళు నలుగురున్నారు, ఎత్తుకుని తీసుకెళ్ళిపోతారు” అనే జవాబు గుళ్ళలోనూ, రైల్వే స్టేషన్లలోనూ, సినిమా హాళ్ళలోనూ వినపడేదే. అది మంచితనంతో అనే మాటే గానీ పరిష్కారం కాదు. మనిషి, బ్యాటరీ కుర్చీ కలిసి నూట యాభై కిలోలు దాటిపోవచ్చు. వాలుగా ఉన్న తడి పలక మీద దాన్ని మోసే నలుగురిలో ఒకడి కాలు జారినా అయిదుగురికి దెబ్బ. తెలియనివాళ్ళు కుర్చీని ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఊడివచ్చే చేతిపిడిని పట్టుకుంటారు, పాదాలు ఆన్చే పలకను పట్టుకుంటారు. వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి చంకల కింద చేతులు వేసి లేపడం వల్ల కొత్త గాయాలవుతాయి. వీటన్నిటికీ మించి, నలభయ్యేళ్ళ ఉద్యోగస్తురాలిని పసిపిల్లలా పదిమంది ముందు మోసుకెళ్ళడాన్ని సౌకర్యం అని ఏ టెర్మినల్ కూడా రాసుకోకూడదు. మోసేవాళ్ళు దొరుకుతారన్న ధీమా వల్లే మన భవనాల్లో ర్యాంపులు రాలేదు. ఓడరేవుల్లోనైనా ఆ ధీమా పునాది దశలోనే పోవాలి.

నేను అడిగేదానికి మొదట వచ్చే అభ్యంతరం భద్రత. తెలుగువాళ్ళం ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటును మరిచిపోలేదు. ఓడలో మంట లేస్తే లిఫ్టులు ఆగిపోతాయి, మెట్ల మీద వీల్‌చైర్ దిగదు, కాబట్టి ఎక్కించకపోవడమే మేలు అని అధికారులు అనుకోవచ్చు. కానీ టైటానిక్ మునిగిన రెండేళ్ళకు 1914లో పుట్టిన, సముద్ర భద్రతకు ప్రపంచమంతా ఒప్పుకున్న సోలాస్ ఒప్పందం ఈ ప్రశ్నకు వేరే జవాబు చెప్పింది. అత్యవసరంలో తమకు సాయం కావాలని చెప్పుకున్న ప్రయాణికుల వివరాలు రాసుకుని, ఓడ కదలకముందే కెప్టెన్‌కు అందజెయ్యాలన్నది దాని నియమం. వృద్ధుల, వికలాంగుల అవసరాలకు తగ్గట్టు ఓడలు ఎలా కట్టాలో, ఎలా నడపాలో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1996లోనే సిఫార్సులు విడుదల చేసింది. మెట్ల మీద దింపే ప్రత్యేక కుర్చీలు, వాటితో సాధన చేసిన సిబ్బంది, ఏ క్యాబిన్‌లో ఎవరున్నారో తెలిసిన జాబితా: రక్షణ అంటే ఇదీ. ఇదంతా ప్రయాణికుడు నిజం చెప్పడం మీద ఆధారపడి ఉంటుందని గమనించండి. నాకు నడక రాదని చెబితే టికెట్ దొరకదని తెలిసినవాడు ఏం చేస్తాడు? చేతికర్ర సంచిలో దాచుకుని, కొడుకు భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి ఎక్కేస్తాడు. కెప్టెన్ జాబితాలో ఆయన పేరుండదు. అలారం మోగిన రాత్రి ఆయన కోసం ఎవరూ రారు. నిరాకరణ వల్ల ఓడకు భద్రత పెరగదు, ఎవరికి సాయం కావాలో తెలియకుండా పోతుంది. ఒక్కో ఓడ ఎంతమందిని క్షేమంగా దింపగలదో లెక్కగట్టి ఆ సంఖ్యకు పరిమితి పెట్టడం సబబే. ఆ లెక్కను కాగితం మీద చూపించమనండి, కౌంటర్ దగ్గరి గుమస్తా భయాన్ని మాత్రం లెక్కగా చూపించనివ్వకండి.

రెండోది, ఓడలు విదేశీ జెండాలవి, మన చట్టం వాటికెలా వర్తిస్తుందన్న ప్రశ్న. అమెరికా సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇదే వచ్చింది. హ్యూస్టన్ నుంచి బయల్దేరిన ఓడల్లో తమ దగ్గర ఎక్కువ డబ్బు వసూలు చేశారనీ, ప్రమాద సమయంలో వాడే ఏర్పాట్లు తమకు అందుబాటులో లేవనీ కొందరు వికలాంగులు వేసిన ‘స్పెక్టర్’ కేసులో, అమెరికా జలాల్లో తిరిగే విదేశీ జెండా ఓడలకూ ఆ దేశపు వికలాంగుల చట్టం వర్తిస్తుందని 2005 జూన్‌లో తీర్పు వచ్చింది. ఓడ నిర్మాణాన్ని సమూలంగా మార్చాల్సినవాటికీ, అంతర్జాతీయ భద్రతా నియమాలతో తగాదా పడేవాటికీ అది మినహాయింపు ఇచ్చింది, ఇవ్వాల్సిందే కూడా. యూరప్ ఇంకాస్త నేరుగా వెళ్ళింది. 2012 డిసెంబరు 18 నుంచి అమల్లో ఉన్న అక్కడి నిబంధన, వైకల్యం ఉందన్న కారణంగా టికెట్ నిరాకరించకూడదంటుంది. భద్రత కారణమైతే ఆ కారణం చెప్పాలి. 48 గంటల ముందు తెలిపినవాళ్ళకు రేవులోనూ ఓడలోనూ ఉచితంగా సాయం చెయ్యాలి. తమ తప్పువల్ల కుర్చీ పాడైతే బాగుచేయించాలి, లేదా కొత్తది కొనే ధర ఇవ్వాలి. మన చేతిలోనూ బలం తక్కువేమీ లేదు. 2020 ఆగస్టులో క్రూయిజ్ ఓడల రేవు ఛార్జీలను మీ శాఖే 60 నుంచి 70 శాతం దాకా తగ్గించింది. రాయితీ ఇచ్చే చెయ్యి షరతు పెట్టడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

పాత ఓడల సంగతేమిటంటారా? విశాఖ నుంచి ప్రయాణికులను తీసుకెళ్ళిన కోర్డీలియా క్రూయిజ్ కంపెనీ వారి ఎంప్రెస్ ఓడ, 1990లో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. దాని తలుపులన్నీ పీకి కొత్తవి పెట్టమని నేను అడగడం లేదు. ఉన్నవి ఎన్ని అంగుళాలో చెప్పమని అడగడానికి మాత్రం ఓడ వయసు అడ్డు కాదు. నిజానికి ఆ 1990 అన్న అంకె నా వాదానికే బలం. ఓడకు ముప్పై అయిదేళ్ళ ఆయుష్షు మామూలు. ఇవాళ డ్రాయింగులో 23 అంగుళాలుగా గీసిన తలుపు 2060లో కూడా 23 అంగుళాలే. టెర్మినల్ కాంక్రీటు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. గీత గీసేటప్పుడు వెడల్పు పెంచడానికి అయ్యే ఖర్చు, ఉక్కు కోసి పెంచడానికి అయ్యే ఖర్చు ఒకటి కావు. మిషన్ గడువు 2029 కాబట్టి, తక్కువ ఖర్చుతో పని జరిగే రోజులు ఇవే.

క్రూయిజ్ డబ్బున్నవాళ్ళ విలాసం, రేషన్ షాపుకే ర్యాంపు లేని దేశంలో దీనికి ప్రభుత్వం తల బద్దలుకొట్టుకోవాలా అనేవాళ్ళుంటారు. వాళ్ళ మాటలో బాధ నిజమైనదే. కానీ విలాసం కోసమే అయినా ఆ 96 కోట్లూ ప్రజల డబ్బే, ఆ ప్రజల్లో వికలాంగులూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళు సుమారు అయిదోవంతు. అరవై దాటిన వాళ్ళు అప్పటికే పది కోట్ల పైచిలుకు. వీళ్ళలో డబ్బున్నవాళ్ళు కొద్దిమందే అనుకుందాం. వాళ్ళు వెళ్ళాలనుకున్నా వెళ్ళలేకపోవడాన్ని పేదరికం ఖాతాలో వెయ్యలేం కదా. మరోమాట, క్రూయిజ్ రేవులో రాసుకున్న కొలత అక్కడితో ఆగదు. పాపికొండల బోటుకూ, నాగార్జునసాగర్ లాంచీకీ, లక్షద్వీప్ దీవుల్లో రోజూ ఆసుపత్రికీ బడికీ తిరిగే పడవకూ అదే నమూనా అవుతుంది. స్కూటర్లు నడవాల్లో అడ్డం వస్తాయనీ, బద్ధకస్తులూ వాటిని వాడతారనీ విదేశీ ఓడల్లో వినిపించే సణుగుడు మన దగ్గరికీ వస్తుంది. లిఫ్టు ముందు వేగం తగ్గించమని చెప్పే నియమం పెట్టుకుంటే సరి. ఎవరి మోకాలు ఎంత అరిగిందో తోటి ప్రయాణికులు తీర్పు చెప్పే పద్ధతి మాత్రం వద్దు.

చట్టం వైపు చూస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపులనూ, రైల్వే స్టేషన్లనూ, విమానాశ్రయాలనూ పేరుపెట్టి చెప్పింది, ఓడరేవుల పేరెత్తలేదు. అన్ని రకాల రవాణా అందుబాటులో ఉండాలన్న వాక్యం కింద మనం వాటిని చేర్చుకోవాల్సిందే. మార్గదర్శకాలు ఉన్నాయి కదా అంటే, 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు దానికి జవాబు చెప్పేసింది. సలహాలుగా మిగిలిపోయే ప్రమాణాలు చట్టం ఉద్దేశానికి విరుద్ధమని, తప్పనిసరిగా పాటించాల్సినవి వేరుచేసి మూడు నెలల్లో నియమాలు చెయ్యమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయన నివేదికను తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు కేంద్రమే. విమానాలు ఈ దారిలో ముందే నడిచాయి, అదీ దెబ్బలు తిన్నాకే. 2012లో వికలాంగురాలైన జీజా ఘోష్‌ను విమానంలోంచి దింపేసినందుకు 2016లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇప్పించింది. 2022లో రాంచీలో ఒక వికలాంగ బాలుణ్ణి ఎక్కనివ్వని ఉదంతం తర్వాత, డాక్టరు పరీక్షించకుండా ఎవరినీ నిరాకరించరాదని నిబంధన మార్చారు. ఓడలకు కూడా అలాంటి ఉదంతం ఒకటి జరిగేదాకా ఆగాలా? 2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్నీ, కొత్త భారత ఓడరేవుల చట్టాన్నీ ఆమోదించింది. వాటి కింద రాసే నియమాల్లో ఈ సంగతులకు ఒక అధ్యాయం కేటాయించడానికి ఇంతకంటే అదను దొరకదు.

ఆ అధ్యాయంలో నాకు కావలసినవి చెబుతాను. రాయితీ తీసుకునే ప్రతి ఓడా తన క్యాబిన్ తలుపుల వెడల్పు, గడపల ఎత్తు, వీల్‌చైర్ క్యాబిన్లు ఎన్ని, స్కూటరు బరువు పరిమితి ఎంత, ఏ రేవులో గట్టుకు ఆనుతుంది, ఏ రేవులో లంగరేస్తుంది అన్నవి టికెట్ అమ్మే చోటే ప్రకటించాలి. ప్రకటించినదానికి తేడా వస్తే డబ్బు వాపసు ఇవ్వాలి. వీల్‌చైర్ క్యాబిన్‌కు ఎక్కువ ధర వసూలు చెయ్యకూడదు. కుర్చీ పాడైతే కొత్త కుర్చీ ధర కట్టాలి, ఎందుకంటే అది సామాను కాదు, ఆ మనిషి కాళ్ళు. కొత్తగా వచ్చే 110 టెర్మినళ్ళకూ వాలు కొలత టెండరు పత్రంలోనే ఉండాలి, బిల్లు చెల్లించేముందు వీల్‌చైర్ వాడేవాళ్ళే వచ్చి తనిఖీ చేసి సంతకం పెట్టాలి. వీటిని ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి గనుక విశాఖతోనే మొదలుపెట్టండి. ఆటుపోట్లు తక్కువ, బెర్తు గట్టుకు ఆనుకునే ఉంది. టెర్మినల్ గుమ్మం నుంచి గ్యాంగ్‌వే చివరి దాకా ఉన్న దూరం, వాలు, వెడల్పు టేపు పట్టి కొలిచి, వచ్చే సీజన్ బుకింగులు తెరవకముందు తెలుగులోనూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ ప్రచురించమని విశాఖపట్నం పోర్టు అథారిటీకి ఒక ఉత్తర్వు పంపించండి. ఒక ఇంజనీరు, ఇద్దరు వీల్‌చైర్ వాడేవాళ్ళు, ఒక మధ్యాహ్నం ఉంటే అయ్యే పని అది.